పెరటి పిట్టలు: చలికాలంలో తిండి పెట్టాలా, లెక్క పెట్టాలా?

డిసెంబరు మొదలైందో లేదో, ఉత్తరాల్లో సగం పిట్టల మీదే వస్తున్నాయి. అందుకే ఈసారి మొక్కల తెగుళ్లు, ఎరువుల ప్రశ్నలు పక్కన పెట్టేశాను, వాటి సంగతి వచ్చే సంచికలో చూద్దాం.

మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. అక్కడ చలికాలంలో కిటికీ బయట కొవ్వు ముద్దలు, గింజల గొట్టాలు వేలాడదీస్తారంట, వీడియో కాల్‌లో చూపించింది. "నువ్వు కూడా పెట్టమ్మా, పాపం చలికి చచ్చిపోతాయి" అంటోంది. మాకు చిన్న పెరడుంది, జామచెట్టు, కరివేపాకు చెట్టు ఉన్నాయి. ఏం పెట్టమంటారు సార్?
— ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

అమ్మా, మీ అమ్మాయి చెప్పింది ఆ ఊరికి నూటికి నూరుపాళ్లు నిజం. డిసెంబరులో లండన్ రాత్రి దాదాపు 16 గంటలు. పది పదిహేను గ్రాములుండే పిట్ట అంత రాత్రీ ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలంటే పగలు తిని దాచుకున్న కొవ్వే దిక్కు, మంచు పడితే నేల మీద పురుగూ దొరకదు, గింజా దొరకదు. అందుకని కొవ్వు ముద్దలు పెడతారు. మన తిరుపతిలో డిసెంబరు పగలు కూడా 11 గంటలకు పైనే ఉంటుంది. తెల్లారుజామున పాల ప్యాకెట్ తేవడానికి మనం మంకీ క్యాప్ పెట్టుకుని పోతామే గానీ పిట్టకు అదొక చలే కాదు. పైగా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆ తర్వాత ఖాళీ స్థలాల్లో గడ్డి గింజలు, పురుగులు కావలసినన్ని. కాబట్టి మీరు పెట్టకపోతే ఏ పిట్టా చచ్చిపోదు, ఆ టెన్షన్ వదిలేయండి. కొవ్వు ముద్ద ఇక్కడ కట్టారంటే మధ్యాహ్నానికి కరిగి గోడ మీద కారి, చీమలు పట్టి, పిట్టల ఈకలకు జిడ్డు అంటుకోవడం తప్ప లాభమేమీ ఉండదు.

అయినా పెట్టాలని ఉంటే పెట్టండి, చూడ్డానికి బాగుంటుంది కదా. పొద్దున ఒక గుప్పెడు, అంతే. నూకలు, కొర్రలు, సజ్జలు వేస్తే పిచ్చుకలు, గువ్వలు వస్తాయి. మాగిన బొప్పాయి ముక్కో, సగం కోసిన జామపండో కొమ్మకు గుచ్చితే పికిలిపిట్టలు, గోరింకలు, అదృష్టం బాగుంటే కోయిల కూడా వస్తుంది. అన్నం వేస్తే ఉప్పూ పోపూ లేనిది, అదీ కొంచెం. చిత్రాన్నం మిగిలింది, పులిహోర మిగిలింది అని వేయొద్దు. మిక్చరు, బిస్కెట్లు, బ్రెడ్డు అసలే వద్దు. ఇంకో మాట, మన వైపు ఇంటింటా చెనక్కాయల మూట ఉంటుంది కదా, అడుగున బూజు పట్టినవి మిగిలితే "పారేయడమెందుకు, పిట్టలకు వేద్దాంలే" అంటారు చాలామంది. ఆ బూజులోనే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది పిట్టల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనం నోట్లో పెట్టుకోలేనిది వాటికీ పెట్టకూడదు.

మీ కరివేపాకు చెట్టు పూత పూస్తే ఆకు తగ్గిపోతుందని తుంచేస్తుంటారా? ఒక్క కొమ్మ వదిలేసి చూడండి. ఆ నల్లటి చిన్న పండ్లకు పికిలిపిట్టలు ఎట్లా కొట్టుకుంటాయో చూస్తే, గింజల గొట్టం కొనాలని మళ్లీ అనిపించదు.

గింజల కన్నా ముందు నీళ్లు పెట్టండి. రెండంగుళాల లోతు మట్టి మూకుడు చాలు, మధ్యలో ఒక గరుకు రాయి వేస్తే చిన్న పిట్టకు కాలు నిలుస్తుంది. దినామూ నీళ్లు పారబోసి కొబ్బరి పీచుతో లోపలి గోడలు రుద్దాలి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు నీళ్లలో కాదు, గిన్నె అంచుకు అంటుకుని ఉంటాయి, ఊరికే నీళ్లు మారిస్తే పోవు. నాకిది అనుభవం మీద తెలిసింది. పోయినేడాది వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నా మూకుడు నిండా తోకాడిస్తూ దోమ పిల్లలు, పక్కింటావిడ నాతో పది రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఊరెళ్తే మూకుడు బోర్లించి పోతాను.

మా మనవడి స్కూల్లో ఫిబ్రవరిలో పిట్టల లెక్క ఉందంట, ఇంట్లో ప్రాక్టీస్ చేస్తున్నాడు. నేను కాకులు 14 అంటాను, వాడు 5 అంటాడు. వచ్చిన కాకే మళ్లీ మళ్లీ వస్తుంటే అసలెట్లా లెక్కపెట్టేది? ఇంతకీ ఈ లెక్క ఎవరికి పనికొస్తుంది?
— ఒక రిటైర్డ్ టీచర్, చిత్తూరు

మాస్టారూ, మీరు ఏమీ అనుకోకండి, ఈ లెక్కలో మనవడికే మార్కులు.

మీ మనవడు చెప్పేది గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అయి ఉంటుంది. 1998లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల పక్షుల ల్యాబ్, పక్షుల కోసం పనిచేసే ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి, 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు, మన దేశం చేరిందీ ఆ ఏడాదే. ఫిబ్రవరి మధ్యలో 4 రోజులు జరుగుతుంది. ఎక్కడైనా కనీసం 15 నిమిషాలు నిలబడి, చూసినవీ విన్నవీ ఏ పిట్ట ఎన్ని అని ఈబర్డ్‌లో, అంటే పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, రాసి పంపాలి. ఫీజు లేదు, పెరడు కూడా లేకపోయినా ఫరవాలేదు, మిద్దె చాలు, బస్‌స్టాండు బెంచీ అయినా చాలు.

ఇక కాకుల పేచీ. దీనికి బ్రిటన్ వాళ్లు మంచి ఉపాయం వాడతారు. అక్కడ ఆర్‌ఎస్‌పీబీ అనే సంస్థ 1979 నుంచి జనవరి చివర్లో తోట పిట్టల లెక్క నడుపుతోంది, గంటసేపు చూడాలి, ఒక్కో రకం ఒకే చూపులో ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనబడ్డాయో అదే రాయాలి. అంటే ముందు 3 కాకులు వాలి ఎగిరిపోయాయి, తర్వాత 5 వచ్చాయి, ఆ తర్వాత 2, 4 అలా వస్తూ పోతూ ఉన్నాయి, రాయాల్సింది 5. మీరు వచ్చినవన్నీ కూడి 14 చేశారు. మీ మనవడు ఒకే గోడ మీద 5 చూసి అదే రాశాడు. పెరటి లెక్కకు ఇదే పద్ధతి పెట్టుకోండి, ఇంట్లో గొడవుండదు. మగా ఆడా వేరుగా గుర్తుపట్టగలిగే పిట్టలైతే కాస్త వెసులుబాటు ఉంది. ముందు ఒక మగ కోయిల, అది పోయాక ఒక ఆడ కోయిల కనబడితే అవి ఖాయంగా రెండే కదా, ఒళ్లంతా నల్లగా ఉన్నది మగది, గోధుమరంగు మీద తెల్ల చుక్కలున్నది ఆడది.

పోయిన జనవరిలో ఒకరోజు నా మిద్దె మీద లెక్క చెప్తాను. పొద్దున 7 నుంచి 7:15. ట్యాంకు మీద కాకులు 3. కరెంటు తీగ మీద గోరింకలు 4, అందులో ఒకటి నెత్తి మీద ఈకలన్నీ రాలిపోయి ముసలి గద్దలా ఉంది. జామచెట్టులో పికిలిపిట్టలు 2. రామచిలుకలు అరుస్తూ పోయాయి, తలెత్తేసరికి 6 దొరికాయి, అవి నా పెరట్లో వాలలేదు కదా అని వదిలేయను, పైనుంచి ఎగిరిపోయినా గ్రేట్ బ్యాక్‌యార్డ్ లెక్కలో రాయొచ్చు. పిచ్చుకలు 0. ఆ సున్నా రాయడానికి మనసొప్పదు గానీ దాని విలువ చాలా ఉంది. కనబడి గుర్తుపట్టినవన్నీ వదలకుండా రాశానని మీరు టిక్ పెడితేనే, రాయనివి అక్కడ లేవని లెక్క చూసేవాళ్లకు అర్థమవుతుంది. కాకే కదా, గోరింకే కదా అని వదిలేస్తే మీ చీటీకి సగం విలువే.

ఎవరికి పనికొస్తుందన్నారు. 2023లో మన దేశపు పక్షుల స్థితి మీద పెద్ద నివేదిక వచ్చింది, 942 రకాల పిట్టలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని చూశారు. దానికి ఆధారం దాదాపు 30,000 మంది మామూలు జనం పంపిన 3 కోట్ల నమోదులు. అందులో మీలాంటి మాస్టార్లూ ఉంటారు, మీ మనవడిలాంటి పిల్లలూ ఉంటారు. ఒక్కరోజు లెక్కతో ఏమీ తేలదు, అదే పెరట్లో అదే టైముకు ఏటా చేస్తే అప్పుడు తెలుస్తుంది ఏది వస్తోంది, ఏది రావడం మానేసింది అని. ఫోన్‌లో మెర్లిన్ యాప్ పెట్టుకుంటే కూత విని పేరు చెప్తుంది, కానీ గుడ్డిగా నమ్మకండి, అది చెప్పిన పేరు కంటితో చూశాకే రాయండి.

కపిలతీర్థం దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పుణ్యమని దినామూ మిద్దె మీద రెండు కిలోల జొన్నలు చల్లుతాను. ఇప్పుడు పావురాలు వందల్లో వస్తున్నాయి, వాటి వెనక కోతులు. కింద ఫ్లాట్ వాళ్లు గొడవ చేస్తున్నారు. ఏం చేయాలి?

ఆపేయండి. కింద ఫ్లాట్ వాళ్లదే న్యాయం.

కొండ కింద ఇల్లు, మిద్దె మీద రెండు కిలోల గింజలు, ఇంక కోతులు రాకుండా ఎట్లా ఉంటాయి? తిండి అలవాటైన కోతి గింజలతో ఆగదు, వంటింటి కిటికీ దాకా వస్తుంది. పావురాల సంగతి చూస్తే, పైన చెప్పిన నివేదిక ప్రకారమే దేశంలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన పిట్టల్లో అవి ముందున్నాయి, వాటికి మన సాయం అక్కర్లేదు. ఎండిన రెట్ట దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొంతమందికి ఊపిరితిత్తులు వాచి గట్టిపడే జబ్బు వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. మిద్దె కడిగేటప్పుడు పొడిగా చిమ్మొద్దు, నీళ్లు చల్లి, మాస్కు కట్టుకుని కడగండి. రెండు మూడు వారాలు పావురాలు వచ్చి దీనంగా చూస్తాయి, కరిగిపోకండి.

పుణ్యం నీళ్లతో సంపాదించుకోండి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. కోతులు మూకుడు పడగొడతాయంటారా, మూలన పడేసిన పాత రుబ్బురోలు ఉంటే తెచ్చి పెట్టండి, గుంత లోతుగా ఉంటే సగం దాకా గులకరాళ్లు నింపండి. దాన్ని కదపాలంటే కోతుల తాత రావాలి.

అన్నా, మా బైకు అద్దాన్ని ఒక బుల్లి పిట్ట వారం నుంచి పొడుస్తోంది. కింద పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి గీత, వంకర ముక్కు. ఏం పిట్ట? పిచ్చి పట్టిందా?
— ఒక డిగ్రీ స్టూడెంట్, పలమనేరు

తమ్ముడూ, అది మగ తేనెపిట్ట. జతకట్టే కాలంలో నీలి నలుపులో తళతళలాడుతుంది, అది అయిపోయాక కొన్ని నెలలు ఇట్లా ఆడపిట్టలా వెలిసిపోయి ఉంటుంది, ఆ నల్ల గీతొక్కటే మిగులుతుంది. అద్దంలో కనబడేది ఇంకో మగపిట్ట అనుకుని, నా మందారం చెట్టు దగ్గరికి వస్తావా అని కొట్లాడుతోంది. బండి ఆపినప్పుడు అద్దానికి పాత సాక్సు తొడుగు, సరిపోతుంది. లెక్కలో మాత్రం ఒకటే రాయి, అద్దంలోది కలపకు.

సంక్రాంతికి వసారాలో వరికంకుల కుచ్చు కడదామనుకుంటున్నా. మా అత్తగారి కాలంలో పిచ్చుకలు గుంపులుగా వచ్చేవంట. ఇప్పుడు వస్తాయా?
— చంద్రగిరి నుంచి ఒక పాఠకురాలు

కట్టండమ్మా. కంకులు ఇచ్చే రైతును చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెచ్చుకోండి. ఫ్యానుకు దూరంగా, పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో కట్టండి, వాన జల్లు పడితే కంకులు బూజు పడతాయి కాబట్టి చూరు లోపలికి ఉండాలి. మొదటి వారం ఏదీ రాకపోయినా తీసేయకండి. వస్తే మాత్రం కాస్త ఆగి చూడండి, ఈ కాలంలో గిజిగాళ్లు, మగవి కూడా, పసుపు రంగు పోయి అచ్చం ఆడ పిచ్చుకల్లా ఉంటాయి. మగ పిచ్చుకైతే నెత్తి బూడిద రంగులో ఉండి, గొంతు కింద నల్లగా మసి పూసినట్టు ఉంటుంది. ఎన్ని వచ్చాయో, ఏ రోజు మొదట వచ్చాయో ఒక కార్డు ముక్క రాసి పడేయండి, వచ్చే నెల ఇక్కడే వేస్తాను.