విజయవాడ, గుంటూరుల్లో సొంతంగా కంప్యూటర్ సపోర్టు చేసి నిలదొక్కుకోవచ్చా?

గుంటూరులో ఒక సర్వీసు సెంటరులో పని చేస్తున్నారనీ, ఆ ఉద్యోగం మానేసి చిన్న వ్యాపారులకు సొంతంగా కంప్యూటర్ సపోర్టు ఇవ్వాలనుకుంటున్నారనీ రాశారు. దాని మీద ఇల్లు గడుస్తుందా, డబ్బు ఏ లెక్కన తీసుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను విజయవాడలో ఉంటూ రెండు ఊళ్లలోని ఖాతాదారులకూ చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇల్లు గడుస్తుంది. అయితే సిస్టమ్ ఆగిపోయినప్పుడు వచ్చే ఫోన్ల మీద గడవదు. ఆగిపోకుండా చూసే బాధ్యతకు నెలనెలా డబ్బు కట్టే ఖాతాదారులు దొరికినప్పుడే గడుస్తుంది.

విజిటింగ్ ఛార్జీ పద్ధతిలో మీ రాబడి, ఖాతాదారుడి నష్టం ఒకే రోజున పుడతాయి. ఆయన సిస్టమ్ బాగున్నంత కాలం మీకు పైసా రాదు కాబట్టి, ముందుజాగ్రత్తగా ఒక గంట కూర్చుని డిస్కు ఆరోగ్యం చూసే ఓపిక ఎంత మంచి పనివాడికైనా క్రమంగా తగ్గుతుంది. అందుకే సిస్టమ్‌ల సంఖ్యను బట్టి నెలకు ఇంత అని మాట్లాడుకుని, అందులో ఏ పనులు వస్తాయో, ఏవి రావో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయడం మంచిది. విడిభాగాల ధర, సీసీ కెమెరాలు, కొత్త కేబులింగ్ వంటివి విడిగా లెక్కకట్టాలి. ‘ఈ నెల ఏమీ పాడవలేదు కదా బాబూ, డబ్బులు దేనికి?’ అని యజమాని తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నకు మాటలతో కాకుండా నెలాఖరు నివేదికతో జవాబు చెప్పండి: బ్యాకప్‌లు ఏయే తేదీల్లో తీశారు, తిరిగి తెరిచి చూశారా, ఏ హార్డ్‌డిస్కు బలహీనపడుతోంది, యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోంది, ఆన్‌లైన్‌లో రిటర్నుల మీద సంతకానికి వాడే డిజిటల్ సిగ్నేచర్ గడువు ఎప్పుడు ముగుస్తుంది. ఒక పేజీ చాలు. రెండు మూడు నెలలు ఆ కాగితం అందుకున్న యజమాని అంత సులువుగా ఒప్పందం వదులుకోరు.

మన పనికి క్యాలెండరును జీఎస్టీ గడువులే నిర్ణయిస్తాయి. నెలనెలా రిటర్నులు వేసేవారికి జీఎస్‌టీఆర్‌-1 (అమ్మకాల వివరాల రిటర్ను) గడువు 11వ తేదీ, 3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువు 20వ తేదీ. వార్షిక టర్నోవరు అయిదు కోట్లు దాటినవారికి 2023 ఆగస్టు 1 నుంచి ఇ-ఇన్‌వాయిస్ (ఇతర వ్యాపారులకు రాసే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) కూడా తప్పనిసరి అయింది కాబట్టి, అటువంటి కొట్టులో ఇంటర్నెట్ ఆగితే బిల్లు ఆగుతుంది, బిల్లు ఆగితే సరుకు లారీ ఎక్కదు. ఈ తేదీల దగ్గర అప్‌డేట్లు, వెర్షన్ మార్పులు పెట్టుకోవద్దు. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో పెద్ద పనులను వేసవిలో యార్డుకు సెలవులు ప్రకటించే రోజులకు వాయిదా వేయండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) ముమ్మరంగా వచ్చే నెలల్లో గుమస్తాను కంప్యూటరు ముందు నుంచి లేపడం ఎవరి తరమూ కాదు. విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో అయితే దసరా, సంక్రాంతుల ముందు వారాలను అలాగే వదిలేయాలి.

ఇక బ్యాకప్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఈ వృత్తిలో మన విలువంతా అక్కడే తేలుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు నీరు రోజుల తరబడి నిలిచినప్పుడు, కింది అంతస్తుల్లోని కొట్లలో సీపీయూలన్నీ మునిగిపోయాయి. బ్యాకప్ క్రమం తప్పకుండా తీసిన చోట్ల కూడా ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు అదే బల్ల సొరుగులో ఉండటంతో రెండూ కలిసే పోయాయి. ఒక కాపీ యజమాని ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఉన్నవారు మాత్రం నీరు తీయగానే బంధువుల ల్యాప్‌టాప్ మీద టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) తెరిచి, ఎవరి దగ్గర ఎంత బాకీ రావాలో చూసుకోగలిగారు. సరుకు పోయిన వ్యాపారికి ఆ బాకీల పద్దు ఒక్కటే మిగిలిన ఆస్తి. దాన్ని కాపాడటం నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలన్న పాత సూత్రాన్ని ఎంత చిన్న కిరాణా కొట్టుకైనా అమలు చేయండి. నీటిలో మునిగిన హార్డ్‌డిస్కును ఆరబెట్టి కరెంటు పెట్టి చూడవద్దని ఖాతాదారులకు వరదకు ముందే చెప్పి ఉంచాలి. సమాచారం నిజంగా కావాలంటే దాన్ని తెరవకుండా రికవరీ నిపుణులకు పంపాలి.

బ్యాకప్ డిస్కును ఎప్పుడూ సిస్టమ్‌కు తగిలించి ఉంచే అలవాటును కూడా మాన్పించండి. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు, ఆ ఘడియలో తగిలించి ఉన్న డిస్కుల్లోని ఫైళ్లకు కూడా తాళం పడింది. ఫోల్డరును క్లౌడ్‌తో సింక్ చేస్తే (ఇక్కడి మార్పులు అక్కడికీ వాటంతట అవే చేరేలా పెడితే) చాలు, అదే బ్యాకప్ అని భ్రమపడేవారూ ఉన్నారు. ఇక్కడ ఫైలు పాడైతే ఆ పాడైన రూపమే కాసేపట్లో అక్కడికీ చేరుతుంది. పాత వెర్షన్లు దాచే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తీసిన బ్యాకప్‌ను నెలకొకసారి వేరే ఫోల్డరులోకి రిస్టోర్ చేసి, చివరి ఓచరు నంబరునూ ట్రయల్ బ్యాలెన్సునూ అసలుతో సరిపోల్చడం. గుమస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే ఆయనకూ ధైర్యం కలుగుతుంది.

వేడి, దుమ్ము, కరెంటు మన ప్రాంతపు శాశ్వత సమస్యలు. మిర్చి కొట్టులో సీపీయూను బ్లోయరుతో శుభ్రం చేసేటప్పుడు తప్పకుండా బయటకు తెచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయండి. లోపల చేస్తే ఆ ఘాటుకు కొట్టంతా దగ్గుతుంది. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో వెల్డింగ్ జరిగే లైను మీదే కంప్యూటరు నడుస్తుంటుంది కాబట్టి, ముందు ఎర్తింగ్ పరీక్షించకుండా కొత్త ఎస్‌ఎంపీఎస్ (సీపీయూకు కరెంటు అందించే పెట్టె) వేయడం వల్ల ప్రయోజనం లేదు.

కొత్త సిస్టమ్‌లు కొనిపించే విషయంలో మీ నిజాయితీకి ఇప్పుడే పరీక్ష ఎదురవుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లు దాదాపు అన్నీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని యంత్రాలూ విండోస్ 11కు అర్హమైనవి కావు. చిన్న కొట్లలో అటువంటివి చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి మార్చమని చెప్పడం సులువు, కానీ అది యజమాని జేబుకు న్యాయం కాదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ రిటర్నులు జరిగే యంత్రాన్ని ముందు మార్పించి, గోడౌనులో స్టాకు చూడటానికి మాత్రమే వాడే దాన్ని ఇంటర్నెట్ తీసేసి కొంత కాలం నడపవచ్చు. నేను హార్డ్‌వేర్ కొట్ల దగ్గర కమీషన్ తీసుకోను. బిల్లు నేరుగా ఖాతాదారుడి పేరునే రాయిస్తాను, ఎంపిక చేసి అమర్చినందుకు నా రుసుము విడిగా అడుగుతాను. దొంగ సాఫ్ట్‌వేర్ వేయమని అడిగినవారికి మొదట్లోనే కుదరదని చెప్పండి. ఒకసారి వేస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి వైరస్‌కూ మీరే జవాబుదారీ అవుతారు.

వరుసలో పక్కపక్కనే ఉన్న రెండు కొట్లూ మీ ఖాతాదారులే కావచ్చు. ఒకరి కొనుగోలు ధరలు, అరువు ఖాతాలు మీ కళ్లబడతాయి. విజయవాడ సూర్యారావుపేటలోని ల్యాబుల్లో అయితే రోగుల రిపోర్టులు కనిపిస్తాయి. ఒక చోట చూసినది మరో చోట మాటవరసకైనా అనకూడదు. పాస్‌వర్డ్‌లన్నీ ఒక పుస్తకంలో రాసి యజమాని బీరువాలో ఉంచండి; డిజిటల్ సిగ్నేచర్ ఉండే టోకెను (పెన్‌డ్రైవ్ లాంటిది) ఎంత బతిమాలినా మీ దగ్గర పెట్టుకోవద్దు. దూరం నుంచి సిస్టమ్‌లోకి ప్రవేశించే ముందు ప్రతిసారీ ఫోన్ చేసి చెప్పే అలవాటు పెట్టుకుంటే, ఎవరైనా మీ పేరు చెప్పి ఎనీడెస్క్ (దూరం నుంచి సిస్టమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నంబరు అడిగినా, ఓటీపీ అడిగినా అది మోసమని వారికి వెంటనే తెలుస్తుంది.

డబ్బు వసూలు సంగతి. చిన్న సంస్థలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా సేవల విభాగంలో నమోదు చేసుకోండి, ఖర్చేమీ ఉండదు. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో మీకు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, ఆ గడువు దాటి ఇచ్చిన మొత్తాన్ని యజమాని తన లెక్కల్లో అసలు చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలి. దీన్ని మీరు యజమానితో వాదించనవసరం లేదు, బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేస్తే వారి ఆడిటర్ గారే చెబుతారు. సేవల మీద వార్షిక రాబడి ఇరవై లక్షలు దాటేవరకు మన రాష్ట్రంలో మీకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు.

రెండు ఊళ్ల మధ్య మంగళగిరి మీదుగా రోజూ తిరిగితే అలసటా పెట్రోలూ తప్ప మిగిలేది ఉండదు. వారంలో ఫలానా రోజులు ఫలానా ఊరు అని ముందే చెప్పి, మిగిలినవి దూరం నుంచే చూడండి. మీకు జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఖాతాదారుడి బిల్లింగ్ ఆగకూడదు కాబట్టి, నమ్మకమైన మరో టెక్నీషియనుతో ఒకరి పని ఒకరు చూసుకునే ఒప్పందం చేసుకోండి.

ప్రస్తుతం పని చేస్తున్న సెంటరు ఖాతాదారుల జాబితాను వెంట తెచ్చుకోవద్దు. ఊళ్లో ఆ మాట ఒకసారి పాకితే ఎవరూ మీకు తమ లెక్కలు అప్పగించరు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకుని బయటకు రండి. మొదట గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని ఆడిటర్ల కార్యాలయాలకు వెళ్లి, 20వ తేదీ దాటిన వారంలో కలవండి. ఎవరి టాలీ డేటా తరచూ పాడవుతోందో, ఎవరి బ్యాకప్ లేక తాము ఇబ్బంది పడుతున్నారో వారికి బాగా తెలుసు. వారు చూపించిన మొదటి రెండు మూడు కొట్లను శ్రద్ధగా చూసుకుంటే, తర్వాతి వాటికి వారే ఫోన్ చేస్తారు.