నాన్నగారి పద్మినికి కొత్త స్టీరియో: 60 వేల ఈఎంఐ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఇంట్లో నాన్నగారు కొన్న 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది, బ్యాటరీ చార్జింగుకు ఇంకా పాత డైనమోనే ఉంది. ఆదివారాలు ఆయన్ని ఎక్కించుకుని అన్నవరమో ద్రాక్షారామమో వెళ్లొస్తాం, మిగతా వారమంతా బండి షెడ్డులోనే. డాష్‌బోర్డులోని పాత రేడియో పలకడం మానేసి చాలా ఏళ్లయింది. దారిలో నాన్నగారికి పాటలు వినిపించాలని ఉంది. ఏడంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీను, నాలుగు స్పీకర్లు, యాంప్లిఫైయర్, వూఫర్ కలిపి షాపులో రూ.60,000 చెప్పారు. స్క్రీను పట్టడానికి డాష్‌బోర్డు కోయాలన్నారు. 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ, నెలకు 5,000. నా చేతికొచ్చే జీతం 58,000, ఇంటి లోను కిస్తీ 19,500. క్రెడిట్ కార్డు మీద 22,000 బాకీ ఉంది, నెలకు 1,100 మినిమం కడుతున్నాను. బ్యాంకులో 40,000 ఉన్నాయి. ఆర్‌సీ గడువు ఇంకో ఎనిమిది నెలలే ఉంది. కార్డు మీద తీసుకోమంటారా?

జవాబు: స్టీరియో పెట్టించండి. నాన్నగారు పక్కన కూర్చుని పాట వినే ఆదివారాల కోసం పెట్టే డబ్బు దండగ కాదు. అయితే షాపువాళ్లు చెప్పిన సరంజామా మీ కారుకు సరిపడదు, ఈఎంఐ మీ జేబుకు సరిపడదు. రూ.18,000లో, అప్పు లేకుండా, ఆరు నెలల్లో ఈ పని అవుతుంది. పెట్టే సామాను మీ డైనమో మోయగలిగినది కావాలి, రేపు విప్పేస్తే కారు మీద గాటు మిగలనిది కావాలి. ఈ రెండూ పట్టుకుంటే ఖర్చు దానంతటదే అదుపులో ఉంటుంది.

ముందు కరెంటు లెక్క చూద్దాం, ఎందుకంటే బడ్జెట్‌ను తేల్చేది అదే. పాత డైనమోలు ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టుపక్కలే. అదీ ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడు. సిగ్నల్ దగ్గర స్లోలో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు, మీటర్లో ఎర్రలైటు మిణుకుమిణుకుమనేది అందుకే. రాత్రి వానలో వెళ్తున్నారనుకోండి. హెడ్‌లైట్లకు 9 ఆంపియర్లు, ఇగ్నిషన్ కాయిల్‌కు 3 నుంచి 4, టెయిల్, మీటరు లైట్లకు 2, వైపరుకు 2 నుంచి 3. అంటే 16 నుంచి 18 అక్కడే అయిపోయాయి. పాటకు మిగిలేది రెండు మూడు ఆంపియర్లు.

మామూలు స్టీరియో, రెండు స్పీకర్లు, ఇంట్లో మాట్లాడుకునేంత శబ్దం: ఇది ఆ రెండు మూడు ఆంపియర్లలో సరిపోతుంది. డబ్బా మీద '4x50 వాట్లు' అని రాసినా చానెల్‌కు నిజంగా వచ్చేది 20 వాట్ల చుట్టుపక్కలే. పద్మిని లాంటి చిన్న కారుకు అది చాలా ఎక్కువ. యాంప్లిఫైయర్, వూఫర్ మాత్రం గట్టిగా పెడితే 30 ఆంపియర్లు దాటి లాగుతాయి. అప్పుడు బ్యాటరీ పడిపోతుంది, డైనమో తీసేసి ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేయమంటారు, దానికి బ్రాకెట్, కొత్త వైరింగ్, పెద్ద బ్యాటరీ అంటారు. షాపు కొటేషన్‌లో ఇవేవీ లేవు. కాబట్టి మీ 60,000 నిజానికి 60,000 కాదు, ఇంకో 15,000 అయినా పక్కన పెట్టుకోవాల్సిన పని.

ఇక 'నో-కాస్ట్' మాట. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేదేమిటంటే, వడ్డీ మొత్తాన్ని ముందే ధరలో తగ్గించినట్టు చూపించి కిస్తీల్లో మళ్లీ రాబడతారు. 16 శాతం వడ్డీ అనుకుంటే 60,000లో అసలు సుమారు 55,100, వడ్డీ 4,900. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ నెత్తినే పడుతుంది: సుమారు 880. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో 235. అంటే 1,100 పైచిలుకు. నగదు ఇస్తే షాపువాడు తగ్గించే మొత్తం కూడా పోతుంది.

అయితే మిమ్మల్ని నిజంగా తింటున్నది ఇది కాదు, కార్డు మీది 22,000. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 770, దాని మీద జీఎస్టీ 139, మొత్తం 909. మీరు 1,100 కడితే బాకీలో తగ్గేది 191 రూపాయలు. నాలుగు నెలల వడ్డీతో ఒక జత మంచి స్పీకర్లు వస్తాయి! బ్యాంకులో ఉన్న 40,000 మీకు ఏడాదికి రెండున్నర, మూడు శాతం తెస్తుంటే, ఈ బాకీ ఏడాదికి 42 శాతం పట్టుకుపోతోంది. ఈ వారమే అందులోంచి 22,000 తీసి కార్డు మొత్తం తీర్చేయండి. చేతిలో 18,000 మిగులుతుంది. తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఖాళీ అయిన కార్డు పరిమితి ఆపదకు అక్కరకొస్తుంది, నెలనెలా వడ్డీ ఆగిపోతుంది.

ఈఎంఐకి నెలకు 5,000 ఇవ్వగలనన్నారు, కార్డుకు కట్టే 1,100 కూడా మిగిలింది. ఈ 6,100 జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా పెట్టండి. మొదటి మూడు నెలల 18,300 స్టీరియోకి కాదు, ఆర్‌సీకి. 20 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000కు పెంచింది. గ్రీన్ ట్యాక్స్ వేరు. తనిఖీకి వెళ్లే ముందు బ్రేకులు, లైట్లు, కాస్త టింకరింగ్ కోసం 8,000 ఉంచుకోండి. ఆర్‌సీ లేని కారులో పాటెంత బాగా మోగినా రోడ్డెక్కలేరు. తర్వాతి మూడు నెలల 18,300 స్టీరియోకి. అది అయ్యాక కూడా ఆ 6,100 ఆపకండి. మూడు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా సాగనివ్వండి.

ఆ 18,000 ఇలా వేసుకోండి. సీడీ లేని సింగిల్ డిన్ (మామూలు కారు రేడియో సైజు) బ్లూటూత్ స్టీరియో 5,500. రెండు కోయాక్సియల్ స్పీకర్లు (ఒకదాంట్లోనే పెద్దదీ చిన్నదీ కలిసినవి), 4 ఓములవి, 3,500. వైరు, ఫ్యూజులు, లగ్గులు (వైరు కొసకు వేసే బిగింపు ముక్కలు), స్లీవులు 1,200. స్పీకర్లకు ప్లైవుడ్ పలక, సెట్టుకు బ్రాకెట్ 1,500. పాటలో మోత రాకుండా ప్లగ్ వైర్లు, కండెన్సర్ 1,500. ఎలక్ట్రీషియన్ కూలి 2,500. ఇది 15,700. మిగిలిన 2,300 ముట్టుకోకుండా ఉంచండి. నలభై ఏళ్ల కారులో ఒక స్క్రూ విప్పితే రెండు పనులు బయటపడతాయి. ధరలు ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. నాన్నగారికి మీడియం వేవ్‌లో ఆకాశవాణి వార్తలు వినే అలవాటుంటే కొనేముందు సెట్టులో ఏఎం బ్యాండ్ ఉందో లేదో చూడండి, చవక సెట్లలో ఎఫ్ఎం మాత్రమే ఉంటుంది.

డాష్‌బోర్డు కోయనివ్వకండి. ఆ రేకు ఒకసారి కోస్తే మళ్లీ దొరకదు. అసలు రూపంలో ఉన్న పద్మినికీ, మధ్యలో స్క్రీను కోసం కోసిన పద్మినికీ ధర ఒకటి కాదు. పైగా 2032లో మీ కారుకు 50 ఏళ్లు నిండుతాయి. వింటేజ్ వాహనంగా 'వీఏ' నంబరు తీసుకోవాలని అప్పుడు అనిపిస్తే (ఫీజు 20,000, రోజువారీ వాడకానికి కుదరదు) ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. పాత రేడియోను దాని చోటనే ఉండనివ్వండి. కొత్త సెట్టును గ్లవ్ బాక్స్‌లోనో, డాష్‌బోర్డు కింద బ్రాకెట్‌లోనో బిగించండి. దానికి 182 x 53 ఎంఎం చోటు కావాలి. సీడీ లేని సెట్లు లోతు తక్కువ ఉంటాయి కాబట్టి గ్లవ్ బాక్స్‌లో పడతాయి. స్పీకర్ల కోసం తలుపులూ కోయొద్దు. వెనక సీటు పైనున్న పలకను తీసి అటక మీద దాచి, అదే కొలతలో 9 ఎంఎం ప్లైవుడ్ కోయించి దానికి బిగించండి.

బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. మొదట బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసిందో చూడాలి. నెగటివ్ కలిసి ఉంటే సరే. పాత కార్లు కొన్నింటిలో పాజిటివ్ ఎర్త్, అంటే పాజిటివ్ కొస బాడీకి కలిపి, ఉండేది. అలాంటి బండిలో కొత్త సెట్టు తగిలిస్తే కాలిపోవచ్చు. తర్వాత మల్టీమీటర్ పెట్టండి: ఇంజిన్ ఆపి ఉంటే 12.4 నుంచి 12.6 వోల్టులు, రేసులో 13.8 నుంచి 14.2 రావాలి. రాకపోతే ముందు డైనమో బ్రష్షులు, కటౌట్ (డైనమో కరెంటును అదుపు చేసే పెట్టె) సంగతి చూడాలి.

సెట్టుకు ఎప్పుడూ కరెంటు అందించే పసుపు వైరుకు లైను పాత ఫ్యూజు పెట్టెలోంచి లాగనివ్వకండి. నేరుగా బ్యాటరీ నుంచి 2.5 చదరపు ఎంఎం వైరు తెచ్చి, బ్యాటరీకి జానెడు దూరంలోపే 10 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. రేకు కన్నంలోంచి వైరు దాటే చోట రబ్బరు గ్రోమెట్ (కన్నం అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి. అది లేకపోతే రేకు అంచు ఇన్సులేషన్‌ను కోసేస్తుంది, మంటలు మొదలయ్యేది అక్కడే. ఎర్ర వైరు తాళం తిప్పితే వచ్చే లైనుకే ఇవ్వాలి. పని తొందరగా అవుతుందని కొందరు ఎరుపు, పసుపు రెండూ కలిపి బ్యాటరీకి ఇచ్చేస్తారు. అప్పుడు తాళం తీసినా సెట్టు నిద్రపోదు. వారంలో 168 గంటలు, 100 మిల్లీ ఆంపియర్లు లాగినా 17 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ నిల్వకు కొలత) పోతాయి. మీ బ్యాటరీ మొత్తమే 35 నుంచి 40. ఆదివారం పొద్దున్న అన్నవరం బయల్దేరదామంటే సెల్ఫ్ తిరగదు, కొత్త బ్యాటరీ ఖర్చు నెత్తిన పడుతుంది. సరిగ్గా బిగిస్తే సెట్టు తన సెట్టింగుల జ్ఞాపకం కోసం లాగేది కొన్ని మిల్లీ ఆంపియర్లే, వారానికి ఒక ఆంపియర్ అవర్ చుట్టూ.

నల్ల వైరుకు ఎర్త్ ఇచ్చే చోట పెయింటు గీకి, మెరిసే రేకు కనబడ్డాకే లగ్గు బిగించాలి. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియక సెట్లు పోగొట్టుకుంటారు. పాత రేడియోలకు స్పీకర్ రెండో వైరు బాడీకే తగిలించేవారు. కొత్త సెట్లలో స్పీకర్ మైనస్ వైరు ఎర్త్ కాదు, అది బాడీకి తగిలితే లోపలి ఐసీ (చిప్పు) పోతుంది. అందుకే పాత స్పీకర్ వైర్లు వాడకుండా ప్రతి స్పీకర్‌కు రెండేసి కొత్త వైర్లు వేయించండి.

పాటలో 'టిక్ టిక్' వస్తే అది ప్లగ్ వైర్లది, రెసిస్టెన్స్ ఉన్న కార్బన్ వైర్లు వేస్తే తగ్గుతుంది. రేసుతో పాటు పెరిగే ఈల లాంటి మోత డైనమోది. దాని పెద్ద టెర్మినల్‌కు 1 మైక్రోఫారడ్ కండెన్సర్ వేయాలి. 'ఎఫ్' అని రాసిన చిన్న ఫీల్డ్ టెర్మినల్‌కు వేస్తే కటౌట్ పాయింట్లు కాలిపోతాయి.

బిల్లు జాగ్రత్త చేసి ఇన్సూరెన్స్‌లో చెప్పండి. కంపెనీ అమర్చని ఎలక్ట్రానిక్ సామాన్లకు పాలసీలో ఐఎంటీ 24 అనే క్లాజు ఉంది, విలువలో 4 శాతం ప్రీమియం. 9,000 సామానుకు 360, జీఎస్టీతో 425. అయితే కచ్చితంగా చేర్చమని చెప్పలేను. చిన్న కారుకు ప్రతి క్లెయిములో మొదటి 1,000 మీదే, తరుగుదల కోతలు వేరే, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు రాదు. బండి రాత్రిళ్లు తాళం వేసిన షెడ్డులో ఉంటే ఆ 425 మిగుల్చుకోండి. వీధిలో ఉంటే కట్టండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ క్లాజు మీకు వర్తించదు.

కూలి 2,500లో 2,000 ఇచ్చి, మిగతా 500 వచ్చే ఆదివారం ఇస్తానని ముందే మాట్లాడుకోండి. బిగించిన రోజు సాయంత్రం, బండి ఆపిన రెండు గంటల తర్వాత వోల్టేజి రాసుకోండి. వచ్చే ఆదివారం సెల్ఫ్ కొట్టకముందు మళ్లీ చూడండి. 12.4 కంటే కిందికి దిగితే ఎక్కడో కరెంటు లీకేజీ ఉన్నట్టు. అదెక్కడో పట్టుకుని సరిచేశాకే ఆ 500 ఆయన చేతిలో పెట్టండి.