నీళ్లతో నడిచే బ్యాకప్ పంపే పెట్టించండి, కానీ ఆ వాల్వు మీద కన్నేసి ఉంచండి

అడిగిన ప్రశ్న: న్యూజెర్సీలో ఇల్లు కొన్నాం. కరెంటు పోతే బేస్‌మెంట్‌లో సంప్ పంపుకి బ్యాకప్‌గా బ్యాటరీది మంచిదా, నీళ్లతో నడిచేది మంచిదా? మనమే బిగించుకోవచ్చా?

నీళ్లదే. ఈ మాట రెండు తుఫాన్లు చూశాక చెబుతున్నాను.

మన ఊళ్లో సంపు అంటే మునిసిపాలిటీ నీళ్లు పట్టుకుని దాచుకునేది. ఇక్కడ సంపు అంటే నేలలోంచి ఊరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేయాల్సిన గుంట. మేం 2009లో ఇల్లు కొన్నప్పుడు ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పలేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో "పంపు పనిచేస్తోంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. కరెంటు పోతే ఏంటన్న మాటే లేదు. వాన గట్టిగా పడే రాత్రే కదా కరెంటూ పోయేది!

2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వచ్చినప్పుడు మాకున్నది బ్యాటరీ బ్యాకప్పే. ఇంటితో పాటు వచ్చిన పాత బ్యాటరీ, రెండు గంటల్లో చేతులెత్తేసింది. తెల్లారేసరికి మోకాలి లోతు నీళ్లు. మా పెళ్లి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే బొమ్మలు ఊడొచ్చాయి. ఆ బ్యాటరీలు మూడు నుంచి ఐదేళ్లే బతుకుతాయి, మార్చాల్సిన సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ ఏడాదే నీళ్లతో నడిచేది పెట్టించాం.

అది పనిచేసే తీరు మీకు కొత్త కాదు. మన ఇళ్లల్లో బోరుకి జెట్ పంపు ఉండేది చూడండి, అదే సూత్రం. టౌన్ నీళ్లు, అంటే ఊరి కుళాయి నీళ్లు, సన్నటి నాజిల్‌లోంచి వేగంగా దూసుకెళ్తుంటే అక్కడ ఒత్తిడి పడిపోయి, గుంటలో నీళ్లు వాటి వెంట లాక్కుపోతాయి. మోటారు లేదు, వైరు లేదు. ఒక గ్యాలన్ టౌన్ నీళ్లు ఖర్చుపెట్టి సుమారు రెండు గ్యాలన్ల గుంట నీళ్లు బయటికి పోస్తుంది.

ఇప్పుడు అసలు రాత్రి. 2021 సెప్టెంబర్ 1, ఐడా తుఫాను వచ్చిన రోజు. నెవార్క్‌లో ఆ ఒక్కరోజే 8.41 అంగుళాల వాన. మా వారు ఆఫీసు నుంచి వస్తూ రోడ్లు మునిగిపోయి దారిలో స్నేహితుల ఇంట్లో ఆగిపోయారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. తొమ్మిది దాటాక కరెంటు పోయింది. బ్యాకప్ ఉంది కదా అన్న ధైర్యంతో కిందికి దిగాను. చప్పుడే లేదు. గుంట మూత తీస్తే ఎర్రటి నీళ్లు అంచుకి నాలుగు వేళ్ల కింద ఉన్నాయి. బ్యాకప్ ఫ్లోట్, అంటే గుంటలో నీళ్లు పెరిగితే పైకి తేలి పంపుని మొదలుపెట్టించే బుడ్డి, ఎప్పుడో తేలిపోయింది, పంపు మాత్రం నోరు మెదపడం లేదు. నాకు చేతులు వణికాయి. అత్తయ్యగారు ఫోన్ లైటు పట్టుకుని పంపుకి టౌన్ నీళ్లు తెచ్చే రాగి పైపు వెంబడే చూసుకుంటూ వెళ్లి, "ఏమ్మాయ్, ఈ పిడి అడ్డంగా ఉందేంటి? గ్యాస్ పైపుకి ఇలా ఉంటే ఆపేసినట్టు కదూ?" అన్నారు.

అదే. ముందు వారం వాటర్ హీటర్ మార్చడానికి వచ్చిన ప్లంబర్ ఆ వాల్వు మూసి, తెరవకుండా వెళ్లిపోయాడు. పిడి పైపుతో సమంగా తిప్పానో లేదో, బుస్సుమని శబ్దం, పైపు ఒక్కసారి అదిరింది. గుంటలో నీళ్లు వేలెడు వేలెడు చొప్పున దిగుతుంటే ఇద్దరం మెట్ల మీద కూర్చుని చూశాం. తెల్లవారుజామున మూడింటి దాకా ఆగి ఆగి నడుస్తూనే ఉంది. ఆ మూడు నెలల నీళ్ల బిల్లు సుమారు 40 డాలర్లు ఎక్కువొచ్చింది. పక్కింటివాళ్లు తడిసిన కార్పెట్టు, హోమ్ థియేటర్ సోఫాలు అన్నీ రోడ్డు మీద పెట్టారు. మనవాళ్లు ఇల్లు కొన్న ఆర్నెల్లకే బేస్‌మెంట్‌లో థియేటర్ కడతారు, గుంటలో పంపు వయసెంతో అడగరు. నాకు నిజంగా బాధేస్తుంది. ఇన్సూరెన్సు ఉందిలే అనుకోకండి. సంపు పొంగితే వచ్చే నష్టానికి మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, విడిగా కలిపించుకోవాలి.

మీరే బిగించుకోవడం గురించి: వద్దండీ. తాగే నీళ్ల పైపుని మురికి గుంటతో కలుపుతున్నారు. వీధిలో మెయిన్ పైపు పగిలి ప్రెషర్ పడిపోతే గుంట నీళ్లు వెనక్కి మీ వంటింటి కుళాయిలోకి రావచ్చు. అందుకే బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే పరికరం) తప్పనిసరి. మా టౌన్‌లో పర్మిట్ తీసుకోమన్నారు, ఆ పరికరాన్ని ఏటా పరీక్ష చేయిస్తున్నాం. అది దాటేసరికి ప్రెషర్ కొంత తగ్గుతుంది కాబట్టి ముందే బయటి కుళాయికి ప్రెషర్ గేజ్ తగిలించి చూడండి. కనీసం 40 పీఎస్ఐ (నీటి ప్రెషర్ కొలత) ఉండాలి, 60 ఉంటే హాయి. మాది 62. పైపు ముప్పావు అంగుళానికి తగ్గనివ్వకండి. బ్యాకప్ ఫ్లోట్ అసలు పంపు ఫ్లోట్ కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే రోజూ టౌన్ నీళ్లు తోడుతూ కూర్చుంటుంది. బయటికి పోయే పైపు కూడా విడిగా వేయించండి.

తర్వాత మీ పని కొంచెమే. మూడు నెలలకోసారి అసలు పంపు ప్లగ్ తీసేసి, ఐదు గ్యాలన్ల బకెట్లతో ఫ్లోట్ లేచేదాకా గుంటలో నీళ్లు పోయండి. శబ్దం వినడంతో సరిపెట్టకుండా, బయట పైపు చివర నీళ్లు పడుతున్నాయో లేదో ఒకరు నిలబడి చూడాలి. గుంటలోంచి నీళ్లు లాగే చోట జల్లెడ ఉంటుంది, దాన్ని కడగండి. మా వైపు ఎర్ర రాతినేల, ఏడాదికల్లా జల్లెడకి ఎర్రటి బురద అట్టకట్టేస్తుంది. పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పోతుంది.

మా వాల్వు పిడికి ఇప్పుడు అత్తయ్యగారి ఎర్ర జాకెట్టు గుడ్డ పీలిక కట్టి ఉంది. ఎవరు పనికొచ్చినా వెళ్లేముందు ఆవిడే కిందికి దిగి చూసొస్తారు.

ఒక్కటి మీరు చెప్పలేదు: మీకు టౌన్ నీళ్లా, బావి నీళ్లా? బావి అయితే ఇదంతా వదిలేయండి. కరెంటు పోతే బావి మోటారూ ఆగుతుంది, ఈ పంపుకి నీళ్లే అందవు. అప్పుడు బ్యాటరీదే పెట్టించి, కొన్న తేదీ దాని మీదే మార్కర్‌తో రాసిపెట్టండి.