ఆ నల్లటి రూపాయల్ని తోమకండి

ప్రశ్న: మా అత్తగారు పోయాక ఆవిడ ట్రంకుపెట్టెలో 43 పాత వెండి రూపాయలు దొరికాయి. 22 మీద విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, ఐదో జార్జి బొమ్మలున్నాయి. 12 చార్మినార్ రూపాయలు. మిగతా 9 ఆరో జార్జివి, 1943, 44 నాటివి. చాలావరకు నల్లబడ్డాయి. చింతపండు పెట్టి తోమిస్తే రేటు పెరుగుతుందా? ఒక్కోటి లక్షల్లో పోతుందని వీడియోల్లో చూశాం. పాప ఇంజినీరింగ్ ఫీజులకు సరిపోతాయా? (ఒక పాఠకురాలు, జగిత్యాల)

జవాబు: ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి. మా నాన్నమ్మ ప్రతి దీపావళికీ లక్ష్మీపూజ రూపాయిని చింతపండు, ముగ్గుపిండి కలిపి తళతళలాడేలా తోమేది. ఇప్పుడు దాని మీద రాణిగారికి ముక్కూ లేదు, జడా లేదు. వెండి ఖరీదు తప్ప దానికి ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు.

గాలిలోని గంధకం తగిలి వెండి మీద పట్టే పొరే ఆ నలుపు. ఏళ్ల తరబడి సహజంగా పట్టింది సాధారణంగా అంచు దగ్గర ముదురుగా మొదలై, మధ్యకు వచ్చేసరికి పలచబడుతుంది. ఒక్కోసారి పసుపు, ఊదా, నీలం ఛాయలు కూడా తేలతాయి. అలాంటి రంగున్న నాణేనికి సేకర్తలు ఎక్కువే ఇస్తారు. అందుకే గంధకం పొగ పెట్టి రంగు తెప్పించేవాళ్లూ ఉన్నారు. రంగు అతుకుల్లా అక్కడక్కడే ఉన్నా, తోమిన గీతల మీదే రంగు పట్టి ఉన్నా అనుమానించాలి. పగటి వెలుగులో నాణేన్ని అటూ ఇటూ వంచి చూడండి: తోమినదైతే సన్నటి గీతలు ఒకే వైపుకి మెరుస్తాయి.

ఇక లెక్క. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కొనండి. బ్రిటిష్ రూపాయి తూకం 11.66 గ్రాములు. విక్టోరియా నుంచి ఐదో జార్జి దాకా అందులో వెండి 91.7 శాతం. చార్మినార్ రూపాయి హైదరాబాద్ నిజాంలది, 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. కాబట్టి అది తూకం తగ్గిందని కంగారు పడకండి. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి పడిపోయింది, మీ 1943, 44 నాణేలు ఆ బాపతువే. వాటి అంచు మధ్యలో ఉండే గాడి దొంగ నాణేల బెడదను అడ్డుకోవడానికి పెట్టిందే. అన్నీ కలిపితే మీ దగ్గరున్న అసలు వెండి దాదాపు 400 గ్రాములు. అమ్మిన రోజు కిలో ధరలో ఐదింట రెండు వంతులు అనుకోండి, కొట్టువాడి కోత పోను. మీరు నమ్ముకోదగ్గ మొత్తం అంతే. ఇంజినీరింగ్ ఫీజులకు వేరే దారి చూసుకోవాల్సిందే.

ఆపైన వచ్చేదంతా అసలుదా నకిలీదా, ఎంత అరిగింది అన్నదాన్ని బట్టే. అయస్కాంతానికి అతుక్కుంటే వెండి కాదు. అతుక్కోనంత మాత్రాన వెండే అని కూడా కాదు. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, ముఖం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి, అక్షరాలు మొద్దుబారి ఉంటాయి. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూడండి. ఐదో జార్జి నాణేల్లో 1911 ఉంటే విడిగా తీయండి. ఆ ఏడాది రాజుగారి అంగీ మీద ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనబడిందని గొడవ జరిగి, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. 1911 అని ఉండి ఏనుగు తొండం నిక్షేపంగా ఉంటే ఆ నాణెం సంగతి తేల్చుకోవాలి. చార్మినార్ రూపాయి మీదైతే ద్వారంలోని ఉర్దూ అక్షరం చూడండి: మీమ్ (م) ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ (ع) ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. దండకి గుచ్చడానికి కొక్కెం అతికించిన నాణేలను మాత్రం వెండి లెక్కలోనే వేసుకోండి.

వీడియోలో నంబరుకి ఫోన్ చేసి ఉంటే ఇక ఆపేయండి. "కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేది పాత ఎత్తు. తన పేరు చెప్పి ఇలా కమిషన్లు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. విదేశాల్లో ఉన్న చుట్టాలకి పంపి అమ్మిద్దామన్న ఆలోచనా వద్దు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు.

పన్ను సంగతి ఒక్క మాట. పూజలో పెట్టుకున్న వెండి రూపాయలు పన్ను పడని ఇంటి వాడకపు వస్తువుల కిందికి రావని ఒక మహారాజు కేసులో సుప్రీం కోర్టు 1976లోనే తేల్చింది. అందుకే అమ్మితే మూలధన లాభం (అమ్మిన ధరలో కొన్న ధర పోను మిగిలేది) లెక్క చూడాలి. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. మీ ఆడిటర్‌కి చెప్పండి.

అన్నట్టు, అత్తగారు వీలునామా రాయకపోతే ఈ 43 రూపాయల్లో మీ ఆడపడుచుకీ వాటా ఉంటుంది. కాటా కొనే ముందే ఆవిడకి ఒక ఫోన్ చేయండి.