పెరటి టమాటాలు, పద్నాలుగు సీసాలు, మా అమ్మ మూడో రోజు

మీరు అడిగింది ఇదీ: "అమెరికాలో ఉంటున్నాం. పెరట్లో టమాటాలు విరగకాశాయి. ఇక్కడివాళ్ళలా క్యానింగ్ (గాజు సీసాల్లో పోసి, మరిగించి, గాలి చొరకుండా మూసి నిల్వ చేయడం) చేసుకుంటే డబ్బు కలిసొస్తుందా? పడ్డ శ్రమకి ఫలితం ఉంటుందా?"

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. కలిసిరాదు. చెక్క మడులు, ట్రక్కుడు మట్టి, జింకలు దూరకుండా కంచె, నీళ్ళ బిల్లు, ఆపైన సీసాలు, మూతలు. మొదటి ఏడాది మా ఆయన ఇవన్నీ ఎక్సెల్‌లో వేసి ఒక్కో టమాటా ఎంత పడిందో చెప్పబోయారు. చెబితే వారం రోజులు వంట మీరే చేయాలన్నాను. ఇప్పటికీ ఆ అంకె నాకు తెలియదు. పెరటి తోటతో ఇంటి ఖర్చు తగ్గిందని ఎవరైనా అంటే ఒక్కటే అడగండి: కంచె లెక్కలో వేశారా?

శ్రమకి ఫలితం అంటారా, దానికి మా అమ్మ సంగతి చెప్పాలి.

మేముండేది ఒహాయోలో, కొలంబస్‌కి అరగంట దూరం. ఇక్కడ మే నెల సగం గడిచేదాకా మంచు భయం పోదు, అక్టోబరు సగానికి మళ్ళీ మొదలు. ఆ ఐదు నెలల్లోనే అన్నీ కాయాలి. కాస్తాయి కూడా, అన్నీ ఒకేసారి. జులై దాకా పూత రాలిపోతోందని దిగులు, ఆగస్టు చివర్లో కోసేవాళ్ళు లేక దిగులు. గోంగూరది ఇంకో గోల. వేసవి పొడుగు పగళ్ళలో నడుమెత్తు పెరుగుతుంది. పగలు కురచయ్యాక గానీ పూయదు. కాయ ముదిరేలోపే మంచు పడి మొక్క నల్లబడిపోతుంది. అందుకే ఏటా విత్తనాలు ఊర్నించి రావాల్సిందే. "నాలుగు విత్తనాలు దాచిపెట్టవే" అని అడిగే స్నేహితులు నాకు కనీసం ఆరుగురున్నారు. ఏం దాచను? పైగా వాళ్ళు ఒక్క పచ్చిమిర్చి నారు కూడా తెచ్చివ్వరు.

2019 వేసవిలో అమ్మ వచ్చింది. మాది తెనాలి పక్క పల్లెటూరు. మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజు నీళ్ళ చెంబు వంటింటి గడప దాటి రాకూడదు. కాయలు తుడిచే గుడ్డ వేరు, జాడీ ఎండబెట్టే చోటు వేరు, తలంటుకుని తడి జుట్టుతో అటు పోతే పడే తిట్లు వేరు. కలిపి జాడీకెత్తి, మూతికి గుడ్డతో వాసెన కడతారు. మూడో రోజు విప్పి, పొడి గరిటెతో తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోసి మళ్ళీ కడతారు. అమ్మకి నిల్వ అంటే అదే. ఉప్పు ఎక్కువుండాలి, నూనె పైకి తేలాలి, తడి తగలకూడదు.

సెప్టెంబరు మొదట్లో ఒక శుక్రవారం సాయంత్రం నేను క్యానింగ్‌కి కూర్చున్నాను. మా పన్నెండు రోమా రకం టమాటా మొక్కల నుంచి పాతిక పౌండ్ల దాకా వచ్చాయి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు గానీ, రోడ్డు పక్క తోటవాళ్ళ దగ్గర ఇంకో అర బుషెల్ (ఇక్కడి పెద్ద బుట్ట కొలత) కొని అందులో కలిపేశాను. ఫోటోలో ఏది ఎవరి టమాటానో ఎవరికి తెలుస్తుంది? ఏడు క్వార్టు సీసాలకి (క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ) ఇరవై రెండు పౌండ్లు పడతాయి. నాకు పద్నాలుగు సీసాలు కావాలి.

అమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. టమాటాలు మరుగునీళ్ళలో ముంచి తొక్కలు తీసేదాకా బాగానే చూసింది. సీసాల్ని వేడినీళ్ళలోంచి తీసి, ఆ తడితోనే కాగుతున్న టమాటా గుజ్జు పోయడం చూసి మొహం మారింది.

"తుడవ్వేం?"

"అక్కర్లేదమ్మా."

ఒక్కో సీసాలో రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం పోశాను. షాపులో అమ్మే సీసా రసం. "బుట్టలో నిమ్మకాయలు పెట్టుకుని కొన్న రసమేంటే?" అంది. కాయకాయకీ పులుపు మారుతుంది, సీసాలోది ఎప్పుడూ ఒకే లెక్క అని చెప్పాను. టమాటా పులుపు సరిగ్గా గీత మీద ఉంటుంది. పులుపు కొలిచే పీహెచ్ అంకె (పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.6 దాటితే బొటులిజం విషం పుట్టించే సూక్ష్మజీవికి లోపల బతుకుదెరువు దొరికినట్టే. ఆ విషానికి వాసన ఉండదు, రంగు మారదు. అంత వివరం అమ్మకి చెప్పలేదు, ఆ రాత్రి నిద్రపోదు.

పైన అరంగుళం ఖాళీ వదిలితే, "అంత గాలి వదిలావు, బూజు పట్టదూ?" అంది. మన జాడీలో ఆ చోటు నూనెది. మూత పెట్టి, దాన్ని పట్టి ఉంచే మర రింగు వేళ్ళ కొసలతో తిప్పి వదిలేస్తే, "గట్టిగా బిగించు" అంది. లోపలి గాలి బయటికి పోవాలి, అందుకే బిగించకూడదు. "ఉప్పేదీ?" అంది. రుచికే తప్ప నిల్వకి అక్కర్లేదన్నాను. అప్పుడు నా వంక చూసిన చూపు నా పెళ్ళిలో కూడా చూడలేదు. ఇక ఆ సీసాల్ని తీసుకెళ్ళి నిలువునా మరిగే నీళ్ళలో ముంచాను, మూతల పైన ఇంకో అంగుళం నీళ్ళు నిలిచేలా.

"నీళ్ళలో ముంచుతావేంటే! తడి తగిలితే వారం కూడా ఉండవు."

ఒక్కో వాయికి ఏడు సీసాలు, మరుగు పట్టాక 45 నిమిషాలు. రెండో వాయి దించేసరికి రాత్రి ఒంటిగంట. తువ్వాలు పరిచి డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టాను. చల్లారేకొద్దీ మూత లోపలికి గుంజుకుని టక్కుమంటుంది. ఆ చప్పుడు విననివాళ్ళకి ఈ పనిలో సుఖం నేను చెప్పలేను. పద్నాలుగూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అమ్మ గదిలోంచి "సీసాలు పగులుతున్నట్టున్నాయే" అని అరిచింది.

మర్నాడంతా కదపకుండా ఉంచి, ఆదివారం రింగులు తీసేశాను. మూత దానంతటదే పట్టుకుని ఉండాలి, రింగు ఉంచితే తుప్పు. రెండు సీసాలు బేస్‌మెంట్‌లోకి దించాను. మిగతా పన్నెండూ టేబుల్ మీదే ఉంచాను, చూసుకోవడానికి. వచ్చినవాళ్ళు చూడటానికి కూడా.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి పన్నెండు సీసాలకీ మూతలు లేవు. పక్కన మూతలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. అట్లకాడ కొసతో లేపింది, అంచులన్నీ వంకర్లు. ఒక్కో సీసాలో పొడి గరిటె పెట్టి, ఉప్పు వేసి, పైకీ కిందికీ కలిపి, మీద నా కాటన్ చున్నీలు ముక్కలు చేసి వాసెన కట్టింది. కొత్త చున్నీలు.

"మూడో రోజు కదే. తిరగకలపొద్దూ? ఉప్పు అస్సలు లేదు, వేశాను."

నేను అరిచాను. గొప్పగా చెప్పుకునే విషయం కాదు, కానీ అరిచాను. ఆ మూతలు ఒక్కసారికే పనికొస్తాయి, కొత్తవి ఇంట్లో లేవు, మూత లేచాక అది మామూలు టమాటా గుజ్జు, రేపటికి పులుస్తుంది, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, ఇంట్లో ఉన్న రెండు పెద్ద గిన్నెలూ పొయ్యి మీద పెట్టి, "చింతపండు ఎంతుంది?" అంది.

ఆ రాత్రి పన్నెండు సీసాల టమాటా దగ్గరపడేదాకా నించుని కలిపాం. వంతులవారీగా. చిందులు గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. చింతపండు, కారం, మెంతిపిండి, ఆవపిండి, ఇంగువ, తాలింపులో పప్పునూనె ఎంత పోసిందో నేను చూడలేదు, చూడదల్చుకోలేదు. చివరికి మూడు లీటర్లకి మించలేదు. బయట పెట్టమంది, నేను ఫ్రిజ్‌లో పెట్టాను, దాని మీద ఇంకో రోజు మాటల్లేవు. మాకు తెలిసిన తెలుగు ఇళ్ళన్నిటికీ వెళ్ళింది ఆ పచ్చడి. "ఆంటీ చేతి టమాటా పచ్చడి" అని ఇప్పటికీ అడుగుతారు. నా చున్నీల గురించి ఎవరూ అడగరు.

అమ్మ మోకాళ్ళనొప్పితో బేస్‌మెంట్ మెట్లు దిగదు కాబట్టి ఆ రెండు సీసాలు బతికిపోయాయి. ఫిబ్రవరిలో, మోకాలి లోతు మంచు పడి వాకిలి కూడా తీయలేని రోజున ఒకటి తెచ్చి విప్పాను. మూత కొస లేపగానే సుయ్‌మని గాలి పీల్చుకుంది. సెప్టెంబరు నాటి వాసన. చారు పెట్టాను. అమ్మ అప్పటికే ఊరు వెళ్ళిపోయింది. మీరు అడిగిన ఫలితం ఏదైనా ఉంటే నాకు అదే.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. అమ్మమ్మల పద్ధతి పూర్తిగా పాటించేవాళ్ళతో పేచీ లేదు. అక్కడ ఉప్పు, పులుపు, నూనె కాపలా కాస్తాయి. ఇక్కడి పుస్తకం పూర్తిగా పాటించేవాళ్ళతోనూ పేచీ లేదు. ఇక్కడ వేడి, పులుపు, గాలి చొరని మూత కాపలా. రెండిట్లోంచీ చెరో సగం తెచ్చుకునేవాళ్ళతోనే నా గొడవ. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ మునక్కాయ సాంబారు సీసాల్లో పోసి, నీళ్ళలో మరిగించి అల్మారాలో పెట్టింది. పప్పు, కూరగాయలు, మాంసం, పులుపు లేనిదేదైనా మరుగునీళ్ళకి లొంగదు. ఇందాక చెప్పిన బొటులిజం సూక్ష్మజీవి బీజాలు వంద డిగ్రీల దగ్గర చావవు, 116 డిగ్రీలు కావాలి, అంటే దానికంటూ చేసిన ప్రెషర్ క్యానర్ కావాలి. "మా ఇంట్లో కుక్కరుంది, మూడు విజిళ్ళు చాలవా?" అంటారు. చాలవు. నిలువుగా నాలుగు క్వార్టు సీసాలైనా పట్టని కుక్కరు ఈ పనికి లెక్కలోకే రాదు. చిన్న కుక్కరు గబుక్కున వేడెక్కి గబుక్కున చల్లారుతుంది, పుస్తకంలో రాసిన నిమిషాలు దానికి వర్తించవు. గోంగూర పులుపే కదా అని నూనె, వెల్లుల్లి వేసి సీసాల్లో మరిగించేవాళ్ళూ ఉన్నారు. నేనైతే గోంగూర వేయించి ఫ్రీజర్లో పెడతాను. అనుమానం ఉంటే జార్జియా యూనివర్సిటీ వాళ్ళు నడిపే ఇంటి నిల్వల కేంద్రం వెబ్‌సైటులో కొలతలన్నీ ఉచితంగా ఉన్నాయి. యూట్యూబ్ అక్కలకన్నా ముందు అది చూడండి.

ఇంకో బాధ కూడా చెప్పుకోనివ్వండి. 2020లో కొవిడ్‌కి ఊరంతా తోటలు వేసేసరికి క్యానింగ్ మూతలు షాపుల్లో మాయమయ్యాయి. నేను మూతల కోసం మూడు ఊళ్ళు తిరుగుతుంటే, అవే సీసాల్లో కాఫీ పోసి గడ్డిపరకలాంటి స్ట్రా పెట్టి అమ్ముతున్నారు, పెళ్ళిళ్ళలో దీపాలు పెడుతున్నారు. 1858లో జాన్ మేసన్ అనే ఆయన మరతో తిరిగే మూత పేటెంటు తీసుకున్నది దీపాలకి కాదు కదా.

నా సీసాల మీద బాల్ అని ఉంటుంది. పక్క రాష్ట్రం ఇండియానాలో మన్సీ అనే ఊళ్ళో ఐదుగురు అన్నదమ్ములు నడిపిన గాజు ఫ్యాక్టరీ పేరు. ఆ కంపెనీ ఎప్పుడో సీసాలు వదిలేసింది, ఇప్పుడు కూల్‌డ్రింకుల అల్యూమినియం డబ్బాలు చేస్తుంది. మన తడ దగ్గర శ్రీసిటీలో కూడా వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. ఇది అమ్మకి చెబితే "మరి అక్కడ కొనకుండా ఇక్కణ్ణించి మోయిస్తావేం?" అంది. ఎందుకంటే వెళ్ళేటప్పుడు ఖాళీ సీసాలు రెండు అడిగి మరీ పెట్టెలో పెట్టుకుంది, చీరల్లో చుట్టి.

మొన్న వీడియో కాల్‌లో చూశాను. తెనాలి వంటింటి అలమరలో నా రెండు సీసాలు, ఒకదాంట్లో మాగాయ, ఒకదాంట్లో ఉసిరికాయ, పైన పాత పంచె ముక్కతో వాసెన.

"దాని మూత ఏదమ్మా?"

"రేకుది కదే, ఉప్పుకి తుప్పు పడుతుంది. పారేశాను."