తోట తాకట్టు పెట్టి టిష్యూ కల్చర్ చదివించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ హార్టికల్చర్ చివరి సంవత్సరంలో ఉంది. కాలిఫోర్నియాలో వాల్‌నట్, పిస్తా వేరుమూలాలను (పైన మంచి రకం కొమ్మను అంటు కట్టే అడుగు మొక్కలను) టిష్యూ కల్చర్‌లో, అంటే చిన్న చిగురు ముక్క నుంచి సీసాలో మొక్కలు చేసే పద్ధతిలో, పెంచే అంశంపై ఎం.ఎస్. చేస్తానంటోంది. ఆ చదువుకు జీతం ఎంత వస్తుంది, వీసా సంగతేమిటి? జీడితోట తాకట్టు పెట్టి పంపమంటారా, ఇక్కడే ఎమ్మెస్సీ చేయించమంటారా? తిరిగొచ్చాక జీడిమామిడికి ల్యాబ్ పెట్టవచ్చా? – ఒక తండ్రి, పలాస

జవాబు: మీరు కోర్సుల గురించి అడిగినా, మీ అసలు భయం తోట గురించేనని లేఖ చదివితే తెలుస్తోంది. తిత్లీ తుపాను కూల్చేశాక మళ్లీ అంటుమొక్కలు తెచ్చి నిలబెట్టుకున్న తోట చేజారుతుందన్న భయం సహజమే. అందుకే ముందుగా చెబుతున్నాను: ఈ చదువు కోసం తోటను తాకట్టు పెట్టవద్దు.

ఆ రంగం బూటకమని కాదు. వాల్‌నట్‌లో ‘పారడాక్స్’ అనే సంకర వేరుమూలానికి గిరాకీ ఎక్కువ. అయితే దానికి తల్లి అయిన నల్ల వాల్‌నట్ చెట్టు గింజలు నాటితే కొన్ని సంకర మొక్కలుగా, కొన్ని తల్లిజాతి మొక్కలుగా వస్తాయి, సంకర మొక్కలు కూడా అన్నీ ఒకే తీరున పెరగవు. వేరుకుళ్లును తట్టుకునే ఆర్‌ఎక్స్1, బలంగా పెరిగే వీఎక్స్211 వంటి ఎంపికలను ఉన్నవి ఉన్నట్టుగా వేల సంఖ్యలో నర్సరీలకు అందించడానికి టిష్యూ కల్చర్ అక్కరకు వచ్చింది.

నా సందేహమంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక మంచి మొక్కను యథాతథంగా లక్షల్లోకి పెంచగల పద్ధతి, ఒక చెడును కూడా అంతే నమ్మకంగా లక్షల్లోకి పెంచుతుంది. 2010 తరువాతి సంవత్సరాల్లో కాలిఫోర్నియా, అరిజోనా, న్యూమెక్సికో పిస్తా తోటల్లో యూసీబీ-1 అనే రకం క్లోన్ వేరుమూలాలు (ఒకే మొక్కకు నకళ్లుగా పెంచినవి) గిడసబారి, పొదలా గుబురెక్కి, బెరడు పగిలి, కట్టిన అంట్లు పట్టక రైతులు నష్టపోయారు. ఆ మొక్కల్లో రోడోకోకస్ అనే బాక్టీరియా ఉందని 2015లో వెలువడిన పరిశోధన పేర్కొంది. అరటిలో పొరపాటు జరిగితే ఏడాదిలో బయటపడుతుంది కానీ, కాపుకు ఏళ్లు పట్టే చెట్టులో అది తెలిసేసరికి రైతు నేల, నీరు, కాలం మూడూ ఖర్చైపోతాయి. కాబట్టి మీ అమ్మాయి నేర్చుకోవలసిన అసలు విద్య మొక్కలను పెంచడం కాదు, తల్లిమొక్క శుభ్రమైనదో కాదో పరీక్షించి తేల్చడం. ఆమె చూసిన కోర్సులో ఆ పాఠం ఎంత ఉందో అడిగారా?

మీరు జీతం ఎంతని అడిగారు, వీసా సంగతి అడిగారు. రోజుకు ఏడెనిమిది గంటలు లామినార్ బెంచీ (శుభ్రమైన గాలి వీచే పనిబల్ల) ముందు కూర్చుని, ఫోర్సెప్స్‌ను మంటలో కాల్చి చల్లార్చి, చిగురును కణుపు కణుపుగా కోసి పోషకాలున్న కొత్త జెల్లీలో నిలబెట్టే పనిలో మీ బిడ్డకు ఓపిక ఉందా అని మాత్రం ఒక్క వాక్యమైనా రాయలేదు. ఇది తండ్రిగా మీరు చేసిన తప్పే. వాల్‌నట్‌లో ఆ కోసిన చోటు నుంచి ఫీనాళ్లు అనే రసాయనాలు కారి జెల్లీ నల్లబడుతుంది. వేళ్లు రావాలంటే ఆక్సిన్ అనే వేళ్లు పుట్టించే హార్మోన్‌తో కొన్నాళ్లు చీకట్లో ఉంచి, ఆ తరువాత ఆక్సిన్ లేని మాధ్యమంలోకి మార్చాలి. అన్నీ కుదిరి బయటికి తెచ్చాక, సీసాలోని తేమకు అలవాటుపడిన ఆకులు గాలి తగలగానే వాడిపోతాయి.

జీడిమామిడి ల్యాబ్ ఆలోచన మానుకోండి. ఆ చెట్టు టిష్యూ కల్చర్‌కు సులభంగా లొంగదు. మీ తోటలోని మొక్కలు కూడా గింజతో పెంచిన వేరుమూలంపై లేతకొమ్మ అంటు కట్టినవే, చౌకైన ఆ పద్ధతి చక్కగా పనిచేస్తోంది.

పోలిక అడిగారు గనుక చెబుతాను. ఇక్కడ ఎమ్మెస్సీ చేస్తే అప్పు భారం తక్కువ, నేర్చిన చేయి అరటి ల్యాబ్‌లోనూ పూలమొక్కల ల్యాబ్‌లోనూ పనికొస్తుంది. అమెరికా వ్యవసాయ విభాగాల్లో థీసిస్ చేసే విద్యార్థులకు ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచి అసిస్టెంట్‌షిప్ (పని చేస్తూ చదువు ఖర్చుకు డబ్బు పొందే అవకాశం) దొరికే వీలుంది. అది వస్తే నిశ్చింతగా పంపండి, రాకపోతే ఒక ఏడాది ఆగినంత మాత్రాన ఆమె భవిష్యత్తు ఎక్కడికీ పోదు. మొక్కను పరీక్షించడం తెలిసిన పిల్లను ఏ నర్సరీ కూడా వద్దనదు.

పరీక్షలు అయ్యాక వేసవిలో ఆమెను రెండు నెలలు ఏదైనా అరటి టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పనికి పంపండి. తిరిగొచ్చాక ఏమనిపించిందో ఆమెనే అడిగి, ఆ జవాబుతో నాకు మళ్లీ రాయండి.