ఏజెన్సీలో కోయవాళ్ల మధ్య సువార్త సేవకు వెళ్లాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

వందనాలు బ్రదర్. భార్య, మూడేళ్ల పాపతో కలిసి ఏజెన్సీకి వెళ్లి కోయవాళ్ల మధ్య సేవ చేయాలని ఉంది, ఇంతవరకు ఎవరూ వెళ్లని ఊరైతే ఇంకా మంచిది, వెళ్లేముందు ఏం నేర్చుకోవాలి అని అడిగారు. నేను, నా భార్య చింతూరుకు అవతల, లోపల ఉండే ఒక కోయ గూడెంలో ఏడేళ్లు ఉన్నాం. నాకు తెలిసింది చెబుతాను.

కోయ భాష నేర్చుకోండి. మొదటి ఏడాది ప్రసంగం అనే మాటే తలపెట్టకండి.

వాళ్లకు తెలుగు వచ్చుగా అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. వచ్చు. సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్మేది తెలుగులోనే, ఫారెస్టు గార్డుతో మాట్లాడేది తెలుగులోనే, అప్పిచ్చిన షావుకారు ఇంటి ముందుకొచ్చి అరిచేదీ తెలుగులోనే. కాబట్టి తెలుగు మాట్లాడుతూ ఊళ్లోకి వచ్చినవాడిని చూస్తే, వీడు ఏం పట్టుకుపోవడానికి వచ్చాడో అన్న అనుమానమే వాళ్లకు ముందు వస్తుంది. పైకి మాత్రం ఏం చెప్పినా 'ఆఁ, సరే అయ్యా' అంటారు. ఆ 'సరే'ను నేను విశ్వాసం అనుకుని ఎనిమిది నెలలు మా సంఘానికి ఉత్తరాలు రాశాను, ఊరంతా వాక్యం వింటోంది అని. ఒకరోజు జ్వరంతో పడుకున్న ఒక ముసలమ్మ నన్ను చూసి 'ఏరు, ఏరు' అంటోంది. వాగు గురించి అడుగుతోందనుకుని, వాన తగ్గాక దాటొచ్చులే అవ్వా అని ధైర్యం చెబుతూ కూర్చున్నాను. మనవరాలు పరుగెత్తుకొచ్చి సొరకాయ బుర్రతో నీళ్లు పట్టింది. కోయలో ఏరు అంటే నీళ్లు. దాహం అని అడుగుతున్న మనిషి పక్కన కూర్చుని ఒక్క చుక్క నీళ్లివ్వలేకపోయిన నేను, జీవజలం గురించి ప్రకటించడానికి వచ్చినవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మర్నాటి నుంచి ప్రసంగాలు ఆపేసి పిల్లల దగ్గర భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఇది కొత్త సంగతేమీ కాదు, పాతవాళ్లకు బాగా తెలుసు. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో పనిచేసిన జాన్ కెయిన్ అనే ఆంగ్లికన్ మిషనరీ కోయ నేర్చుకుని, ఆ జనం గురించి, వాళ్ల మాట గురించి రాసిపెట్టాడు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు మిషనరీ కాదు, ఆయనకు ఎవరి మతమూ మార్చాల్సిన పని లేదు, అయినా పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని తిరిగి, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చేదాకా దశాబ్దాలపాటు దాని మీదే ఉన్నారు. ఆయనలాంటి మనిషి అంతకాలం పట్టించుకున్న పనిని మనం ఆరు నెలల్లో దాటేద్దామనుకోవడం సరికాదు.

రెండోది వైద్యం. నా భార్య నర్సింగ్ చదివింది. ఊళ్లో ఆశా వర్కర్ ఉన్నా, వానాకాలంలో జ్వరాలు ఎక్కువై మా ఇంటికి కూడా వచ్చేవాళ్లు. మలేరియా అని పరీక్షలో తేలితే కోర్సు పూర్తిగా మింగేలా చూడటం, బాగా నీరసించినవాళ్లను డోలీ కట్టించి ఆసుపత్రికి పంపడం ఆమె చూసుకునేది. బిళ్ల ఇచ్చేముందు నేను పైకి ప్రార్థన చేసేవాణ్ణి. అందులో తప్పేముంది అనిపించేది. ఒక మనిషి మాత్రం మూడు రోజులు జ్వరంతో వణుకుతూ ఇంట్లోనే ఉండిపోయాడు. మా ప్రార్థనలో నిలబడితే తన వేల్పుకు కోపం వస్తుందని భయం. అతని తమ్ముడు వచ్చి నన్ను సూటిగా అడిగాడు: 'ప్రార్థన వద్దంటే బిళ్ల ఇవ్వరా?' అక్కడి జ్వరాల్లో మూడు రోజులంటే ప్రాణం మీదికి వచ్చే సంగతి, మెదడుకు ఎక్కితే మనిషి దక్కడు. అతను బతికాడు, దేవునికి స్తోత్రం. ఆ రోజు నుంచి బిళ్ల వేరు, ప్రార్థన వేరు. ఎవరైనా అడిగితేనే ప్రార్థన చేశాను, అడగనివాళ్ల కోసం రాత్రి ఇంట్లో మోకాళ్ల మీద చేసుకున్నాను. బిళ్లకీ బియ్యానికీ దేవుడికీ ముడిపెట్టకండి బ్రదర్. అది చట్టానికి భయపడి కాదు, ఆ ముడిలో పడి వచ్చినవాడి విశ్వాసం నిజమో కాదో వాడికే తెలియకుండా పోతుంది కాబట్టి.

మమ్మల్ని పంపిన సంఘం (పేరు వద్దు) నెలనెలా ఒకటే అడిగేది, ఈ నెల ఎన్ని బాప్తిస్మాలు అని. ఆ టెన్షన్‌లో నేను తొందరపడ్డాను. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒకడు బాప్తిస్మం తీసుకుని భూమి పండుగకు వెళ్లనన్నాడు, చందా ఇవ్వనన్నాడు, పండుగనాడు తల్లి వండింది ముట్టనన్నాడు. నేను లోపల సంతోషపడ్డాను. వాళ్లమ్మ మాత్రం మా గుమ్మం ముందు కూర్చుని ఏడ్చింది, 'నా కొడుకును నా చేతి కూడు తిననీయకుండా చేశారు' అని. విత్తనాలు చల్లే ముందు ఊరంతా ఒక్కటిగా చేసే పండుగ అది, రాకపోతే ఊరినే కాదన్నట్టు. పూజలో నిలబడకపోవడం వాడి మనస్సాక్షికి సంబంధించిన విషయం, తల్లి పెట్టిన జావ తోసేయడం వేరే విషయం అని వాడికి నేను ముందే చెప్పి ఉండాలి. చెప్పడానికి ఆరు నెలలు పట్టింది. తర్వాత వాళ్ల పెద్దల దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను. వాళ్లు నన్ను మాట పడనీయలేదు, జీలుగు చెట్టు కింద కూర్చోబెట్టి వర్షాల గురించి మాట్లాడారు.

చట్టం సంగతి రెండు ముక్కలు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు, 1970 నాటి 1/70 చట్టం అది, మంచి చట్టం, కాబట్టి మందిరానికి స్థలం కొందామనే ఆలోచనతో వెళ్లకండి. మతం మారితే ఎస్టీ హోదా పోతుందని ఊళ్లో ఎవరో ఒకరు భయపెడతారు, ఎస్టీలకు అలా పోదు. ఎస్సీల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వేరు, క్రైస్తవంలోకి మారితే వాళ్లకు ఆ హోదా ఉండదు. ఈ తేడా మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి, ఎందుకంటే వాళ్లు మిమ్మల్నే అడుగుతారు.

ఇక 'ఎవరూ వెళ్లని చోటు' అన్నారు, ఆ ఆశ వదులుకోండి. 2018 నవంబరులో ఒక అమెరికన్ యువకుడు అదే ఆశతో, చట్టం వద్దంటున్నా అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని ప్రేమను నేను శంకించను. కానీ బయటివాళ్లతో కలవకుండా బతికే అక్కడివాళ్లను మన మామూలు జలుబు కూడా చంపేయగలదు, వాళ్లు రావద్దని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. రావద్దన్న ఇంట్లోకి వెళ్లడం సేవ అని నేను ఒప్పుకోలేను. అయినా కోయ ఊళ్లలో ఎవరూ వెళ్లని ఊరు అంటూ ఉండదు, మీకంటే ముందు ఎవరో వెళ్లి ఏదో ఒక మాట ఇచ్చి తప్పి ఉంటారు, ఆ బాకీ మీ మీద పడుతుంది.

ఆదివారం ఆరాధన గురించి కూడా అడిగారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తునికాకు రోజుల్లో ఉదయం ఊళ్లో ఎవరూ ఉండరు. రాత్రి పెట్టుకోండి.

ఏడేళ్లలో బాప్తిస్మం తీసుకున్నది నాలుగు కుటుంబాలు. ఇప్పుడు పాటలు వాళ్లే కోయలో కట్టుకుంటున్నారు, తెలుగు కీర్తనలకు వరసలు మార్చినవి కాదు, వాళ్ల రాగాలే. మొదటిసారి విన్నప్పుడు సగం మాటలు నాకు అర్థం కాలేదు, ఆ సంతోషం ఎలా చెప్పాలో తెలియదు.

చివరగా మీ భార్య గురించి. మీ ప్రశ్నలో ఆవిడ ఏమంటోందో ఎక్కడా లేదు. నా భార్యకు రెండుసార్లు మలేరియా వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, శబరి నది వెనక్కి ఎగదన్ని, చింతూరు రోడ్డు మునిగిపోయినప్పుడు మాకు రోజుల తరబడి బయటితో సంబంధం లేదు, ఫోన్ లేదు, ఉన్న బిళ్లలే లెక్కపెట్టుకున్నాం. మూడేళ్ల పాపతో అలాంటి రోజు వస్తే ఏం చేస్తారో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నిర్ణయానికి ముందు ఆవిడను తీసుకొచ్చి పది రోజులు ఉండండి, ఎండాకాలంలో కాదు, జులై ఆగస్టుల్లో.